నారింజ ఎవరి మాట? స్పానిష్ ‘నరంహ’కూ మన నారింజకూ చుట్టరికం ఏమిటి?

ప్రశ్న: అనంత తెలుగు

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా. చాలా ఏళ్ళుగా టెక్సస్‌లో ఉంటున్నాము. ఆదివారాలు మా చుట్టుపక్కల పిల్లలను కూర్చోబెట్టుకొని తెలుగు అక్షరాలూ మాటలూ చెబుతుంటాను. పోయిన వారం ఇంద్రధనుస్సులోని ఏడు రంగుల పేర్లు బల్ల మీద వ్రాస్తూ ‘నారింజ’ దగ్గరకు వచ్చేసరికి, తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె లేచి, “అది తెలుగు కాదండీ, స్పానిష్. మా క్లాసులో మెక్సికో వాళ్ళు కూడా అదే అంటారు” అన్నది. స్పానిష్ వారు దానిని ‘నరంజ’ అన్నట్టే వ్రాసి ‘నరంహ’ అని పలుకుతారని కూడా ఆ పిల్లే నాకు చెప్పింది. “కాదమ్మా, మనదే” అని అప్పటికి సర్దిచెప్పాను కానీ, మనదే అనడానికి నా దగ్గర ఆధారమేమీ లేదని ఇంటికి వచ్చాక తెలిసింది.

వెదికితే దొరికినవి ఒకదానితో ఒకటి పొసగడం లేదు. సంస్కృతంలోని ‘నారంగ’మే మూలమని కొందరు, తమిళం మూలమని కొందరు, పారశీకమని మరికొందరు అంటున్నారు. వీటికి తోడు వాట్సాప్‌లో తిరిగే ఏనుగు కథ ఒకటి ఉన్నది. అడవిలో ఒక ఏనుగు ఈ పండ్లను అతిగా తిని పొట్ట పగిలి చచ్చిపోయిందట, అందుకని ఆ చెట్టుకు ‘నాగరంగం’ అని పేరు వచ్చిందట. ఇంగ్లీషు వారు ముందు ‘నారెంజ్’ అనేవారనీ, తరువాత మొదటి నకారం జారిపోయి ‘ఆరెంజ్’ మిగిలిందనీ కూడా చదివాను.

ఇంతకీ తమాషా ఏమిటంటే, మా ఇంట్లో ఎవరమూ నారింజ అనము. మా ఊళ్ళో తోటల్లో పండేది చీనీకాయ. మా ఆవిడది నల్లగొండ వైపు కాబట్టి ఆమెకు అదే కాయ బత్తాయి. పిల్లల కోసం ఒక చిన్న పదకోశం తయారుచేస్తున్నాను. అందులో నారింజ, చీనీ, బత్తాయి, కమలా అనే నాలుగు మాటలకూ పక్కన ఒక్కొక్క వాక్యం వ్రాయవలసి ఉన్నది. తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1: పదచారి

ముందుగా ఆ పిల్లను మెచ్చుకోవాలి. ఆమె పట్టుకున్న పోలిక నిజమైనదే, దిశ ఒక్కటే తారుమారైంది. మనం స్పానిష్ నుంచి తెచ్చుకోలేదు. స్పెయిన్‌కే ఆ మాట తూర్పు నుంచి, అందులోనూ మన దేశం మీదుగా వెళ్ళింది.

తెలిసినంతవరకు దారి ఇది. సంస్కృతంలో నారంగం. ఇరాన్‌లో అది ‘నారంగ్’ అయింది. అరబ్బీలో గకారం లేదు కనుక, పారశీకపు గకారాన్ని అరబ్బులు సాధారణంగా జకారంగా మార్చుకుంటారు. పారశీకపు ‘గౌహర్’ అరబ్బీలో ‘జౌహర్’ అయి, అక్కడి నుంచి మన జవాహరీల దాకా వచ్చిన సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. సరిగ్గా ఆ పద్ధతిలోనే ‘నారంగ్’ అరబ్బీలో ‘నారంజ్’ అయింది. స్పెయిన్‌లోని ఆండలూసియా ప్రాంతాన్ని అరబ్బులు ఏలిన కాలంలో వారు ఈ చెట్లను అక్కడ విరివిగా నాటారు. కోర్డోబాలోని పెద్ద మసీదు ముందున్న ఆవరణను ఇప్పటికీ ‘నారింజల ముంగిలి’ అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. స్పానిష్ వారి నోటిలో మొదట ఆ జకారం ఇంచుమించు మన జకారంలాగానే పలికేది. పదహారు, పదిహేడు శతాబ్దాలలో ఆ భాషలో వచ్చిన ధ్వని మార్పువల్ల గొంతులోంచి వచ్చే హకారమైంది. అంటే వ్రాతలో పాత ఉచ్చారణ నిలిచి ఉన్నది, నోటిలో కొత్తది వచ్చింది.

ఈ ప్రయాణంలో ఒక మజిలీకి వ్రాతపూర్వకమైన సాక్ష్యం ఉండడం మన అదృష్టం. పదవ శతాబ్దికి చెందిన బాగ్దాదు చరిత్రకారుడు అల్ మసూదీ, నారంజ్ చెట్టును హిజ్రీ 300 తరువాత, అంటే సుమారు క్రీ.శ. 912 తరువాత, హిందూదేశం నుంచి తెచ్చి ముందు ఒమన్‌లో నాటారనీ, అక్కడి నుంచి బస్రాకు, ఇరాక్, సిరియాలకు వ్యాపించిందనీ వ్రాశాడు. పుట్టినచోట దానికి ఉన్న కమ్మని వాసన, రంగు ఆ కొత్త నేలలో లేకుండా పోయాయని కూడా ఆయన నొచ్చుకున్నాడు. మొక్కతో బాటు పేరు కూడా ఎక్కి వెళ్ళడం వ్యాపారంలో మామూలే.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. ఇలా ముందు వెళ్ళినది పుల్లని, చేదు కలిసిన నారింజ. మనం ఇప్పుడు ఒలుచుకొని తినే తియ్యని పండు యూరోపులో విరివిగా వ్యాపించింది పదిహేను, పదహారు శతాబ్దాలలో. అందుకే కొన్ని భాషలలో ఈ రెండింటికీ వేరు వేరు పేర్లు ఉన్నాయి. గ్రీకులో పుల్లనిది ‘నెరాంజి’, తియ్యనిది ‘పోర్తొకాలి’. ఆ రెండవ పేరు పోర్చుగల్ దేశం పేరే! అరబ్బీలో ‘బుర్తుకాల్’, పారశీకంలో ‘పొర్తెఖాల్’, టర్కీలో ‘పోర్తకాల్’. తియ్యని పండును అమ్మజూపినవారు పోర్చుగీసువారు కనుక, వారి దేశం పేరే పండు పేరైంది. చిత్రమేమంటే ఆ పోర్చుగీసువారు మాత్రం తమ ఇంట్లో దానిని ‘లరంజ’ అనే అంటారు. నకారాన్ని లకారం చేసుకున్నారు, అంతే.

ఇక ఇంగ్లీషు నకారం కథ. అది సగం నిజం, అందువల్లనే బాగా నమ్మించేస్తుంది. నకారం జారిన మాట వాస్తవమే కానీ, జారినది ఇంగ్లండులో కాదు, అంతకు ముందే. ఇటలీలోనూ ఫ్రాన్సులోనూ ‘ఒక’ అని చెప్పే ‘ఊన’, ‘యూన్’ వంటి చిన్న మాటల చివర నకారం ఉంటుంది. దాని వెనుకనే నకారంతో మొదలయ్యే మాట వస్తే, నకారం ఎవరిదో చెవికి తెలియదు. అలా ఇటాలియన్‌లో ‘నరాంచ’ కాస్తా ‘అరాంచ’ అయింది. వెనిస్ మాండలికంలో మాత్రం నకారం నిలిచే ఉన్నది. ఫ్రెంచిలో దీనికి తోడు బంగారానికి వాడే ‘ఓర్’ అనే మాట మనసులో మెదలి, పండు రంగు కూడా దానికి సాయపడి, ‘ఒరాంజ్’ అని స్థిరపడింది. పద్నాలుగవ శతాబ్దిలో ఇంగ్లీషువారు దానిని ఫ్రెంచి నుంచి ఎత్తుకునేనాటికే నకారం లేదు. లేని నకారాన్ని వారెలా పోగొట్టుకుంటారు?

జవాబు 2: నిదానంగా

పదచారి గారు సంస్కృతం నుంచి పడమటికి వెళ్ళిన దారిని చక్కగా చూపించారు. కానీ అనంత తెలుగు గారి అసలు ప్రశ్న సంస్కృతానికి ముందు సంగతి. ‘నారంగ’ శబ్దం సంస్కృతంలో పుట్టినది కాదనీ, ద్రావిడ భాషల నుంచి అందులోకి వెళ్ళిందనీ చాలామంది నిఘంటుకారులు అంటారు. నేనూ అటువైపే మొగ్గుతాను, అయితే ఆ వాదానికి ఆధారంగా తరచు చూపించే కారణం మాత్రం నాకు సరిపడదు.

తరచు చూపించే కారణం ఇది. తమిళంలో ‘నాఱు’ అంటే వాసన వేయు. వాసన వేసే కాయ కనుక నాఱుకాయ, అదే నారంగ. వినడానికి బాగున్నది. కానీ వాసన ధాతువులో ఉన్నది బండి ఱ. ఈ జాతి కాయకే తమిళులు పెట్టుకున్న పేరు నారత్తైలో గానీ, మలయాళపు నారంగలో గానీ ఉన్నది మామూలు ర. తెలుగులో బండి ఱను మనం ఎప్పుడో అటకెక్కించాము కాబట్టి ఈ తేడా మనకు పట్టదు. తమిళులకూ మలయాళీలకూ అది నేటికీ వేరే అక్షరమే. రెండింటినీ కలిపే ముందు ఎవరైనా ఆ అక్షరం సంగతి తేల్చాలి.

దీనికి తమిళుల ప్రాచీనమైన సంగం సాహిత్యంలో ముచ్చటైన సాక్ష్యం ఉన్నది. పురనానూఱులోని 235వ పద్యంలో అవ్వైయార్, తనను ఆదరించి చనిపోయిన రాజు అదియమాన్‌ను తలచుకొని ఏడుస్తూ, నరందపు వాసన వేసే తన చేతితో అతడు నీచువాసన వేసే నా తలను నిమిరేవాడే అంటుంది. అక్కడ ‘నరందం నాఱుం’ అని రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. మొదటిదానిలో మామూలు ర, రెండవదానిలో బండి ఱ. నరందమంటే నారింజ జాతి అని కొందరు, సువాసన గల ఒక గడ్డి అని కొందరు వ్యాఖ్యానించారు. ఏదైనా కానివ్వండి, ఆ రెండింటినీ ఒకే ధాతువుగా ఆ కవయిత్రి చెవి విన్నదని అనలేము. (ఆ ‘నాఱు’ ధాతువుకు తరువాత పట్టిన గతి వేరే కథ. ఒకప్పుడు సువాసనకూ చెల్లిన ‘నాఱ్ఱం’ ఇప్పుడు తమిళంలో కంపు. కన్నడంలో ‘నాత’ అన్నా అంతే.)

మరి ద్రావిడమని ఎందుకు అంటున్నానంటే, నన్ను ఒప్పించేది మాట తోక. మలయాళంలో మామిడికాయ ‘మాంగ’, కొబ్బరికాయ ‘తేంగ’. ఇవి ‘మాంగాయ్’, ‘తేంగాయ్’ అనే పాత రూపాలు అరిగి అయినవి. మన టెంకాయలో ఆ కాయ ఇంకా చెక్కుచెదరలేదు. పోర్చుగీసు వారు ‘మాంగ’ను విని ‘మంగ’ చేసుకుంటే, దాని నుంచే ఇంగ్లీషు మ్యాంగో వచ్చింది. ఈ వరుసలో మలయాళపు ‘నారంగ’ను నిలబెట్టండి: నారం, కాయ్ కలిస్తే నారంగాయ్, అది అరిగితే నారంగ. సంస్కృతంలో ఇంత సాఫీగా విడిపోయే విరుపు ఈ మాటకు లేదు.

అభ్యంతరం లేకపోలేదు. 2018లో వెలువడిన జన్యు పరిశోధన నిమ్మజాతి మొక్కల పుట్టిల్లు హిమాలయాల ఆగ్నేయపు దిగువ ప్రాంతమని, అంటే తూర్పు అస్సాం, ఉత్తర మయన్మార్, పశ్చిమ యున్నాన్‌లు కలిసేచోటని చెప్పింది. పుల్లని నారింజ పంపరపనస, కమలా జాతులు కలిసి పుట్టిన సంకరమన్నది కూడా తేలిన విషయమే. ఈశాన్యంలో పుట్టిన చెట్టుకు దక్షిణాది వారు పేరు పెట్టడమేమిటని, మధ్య, తూర్పు భారతంలోని ముండా కుటుంబపు భాషల వైపు చూసేవారు ఉన్నారు. నా మట్టుకు నాకు ఇది పెద్ద అడ్డంకి కాదు. చెట్టు ఎక్కడ పుట్టిందన్నది ఒక ప్రశ్న, ఏ నోట పలికిన పేరు ఓడలెక్కిందన్నది మరొక ప్రశ్న. మిరపకాయ మనకు అమెరికా ఖండం నుంచి వచ్చినా పేరు మాత్రం మన మిరియపు వరుసలోనిదే కదా.

ఏనుగు కథకు వస్తే, పొట్ట పగిలిన సంగతిని వదిలేయవచ్చు. కానీ కథకు పునాది ఎక్కడుందో ఊహించవచ్చు. అమరకోశంలోని వనౌషధి వర్గంలో ఈ చెట్టు పేర్లు ‘ఐరావతో నాగరంగో’ అని మొదలవుతాయి. నాగమంటే పాము, ఏనుగు కూడా. ఐరావతం ఇంద్రుని ఏనుగు. నారంగాన్ని అర్థం చెప్పుకోవడానికి వీలుగా నాగరంగం చేశారు, నాగానికి ఐరావతం పర్యాయంగా వచ్చి చేరింది, ఆ తరువాత ఎవరో ఆ ఏనుగు చేత పండ్లు తినిపించారు. పేరు ముందు, కథ వెనుక.

జవాబు 3: కొచ్చి కోడలు

పెద్దల చర్చలో చిన్న మాట. నేను గుంటూరు నుంచి కేరళకు కోడలిగా వచ్చాను. వచ్చిన కొత్తలో మా అత్తగారు “నారంగ తీసుకురా” అంటే నేను బజారుకు వెళ్ళి కమలాపండ్లు కొనుక్కొచ్చాను. ఆవిడకు కావలసినది నిమ్మకాయ! ఇక్కడ నారంగ అంటే మొత్తం ఆ జాతి. చిన్నది ‘చెఱునారంగ’ అయితే మన నిమ్మకాయ. తియ్యనిది ‘మధురనారంగ’ అయితే మన కమలా. నిదానంగా గారు చెప్పిన ర, బండి ఱల తేడా ఇక్కడ నిజంగానే వినిపిస్తుంది. ‘నాఱుక’ అంటే కంపు కొట్టడం. నేను మొదట్లో రెండింటినీ ఒకేలా పలికితే ఇంట్లో పిల్లలు పడీపడీ నవ్వేవారు.

తమిళనాడులో ఉన్నప్పుడు నారత్తంగాయ ఊరగాయ తిన్నాను. ఉప్పులో ఊరవేసి, ఎండబెట్టి, మజ్జిగన్నంలోకి పెడతారు. మన నారదబ్బకాయ దానికి చుట్టమే అయి ఉండాలి, పేరులోనూ రుచిలోనూ.

జవాబు 4: పదచారి

నిదానంగా గారి బండి ఱ అభ్యంతరం సమంజసమైనది. నేను కూడా ఇంతవరకు ఆ వాసన వ్యుత్పత్తినే వల్లె వేస్తూ వచ్చాను, ఇకమీద మానుకుంటాను.

కొచ్చి కోడలు గారు నారదబ్బను ప్రస్తావించడం వల్ల ఒక ముఖ్యమైన సంగతి ముందుకు వచ్చింది. మన భాషలో ఈ మాట రెండు రూపాలలో ఉన్నది. ఒకటి నారదబ్బలోని ‘నార’. రెండవది నారింజ. ఈ రెండూ ఒకే దారిన మన దగ్గరకు వచ్చినవి కావని నా అభిప్రాయం. ‘నార’ తమిళ, మలయాళ రూపాలకు తోబుట్టువు, ఇల్లు దాటనిది. నారింజ అలా కాదు. ఆ చివరి జకారాన్ని చూడండి. నారంగంలోని గకారం తెలుగులో తనంతట తాను జకారం కాదు. ‘కెవి’ మన దగ్గర ‘చెవి’ అయిందంటే, మాట మొదట ఉన్న కకారం మీద ఎకార, ఇకారాల ప్రభావం పడి అయింది. మాట చివర, సున్న తరువాత ఉన్న గకారానికి అటువంటి అలవాటు లేదు. రంగు రంజు కాలేదు, తంగేడు తంజేడు కాలేదు. గకారం జకారమైనది అరబ్బీ నోటిలోనే.

రెండవ గుర్తు నడిమి ఇకారం. పారశీకంలో పుల్లని పండును నేడు ‘నారెంజ్’ అంటారు. ఇరాన్‌కు పొరుగున ఉన్న ఆర్మీనియా భాషలో ‘నారింజ్’, జార్జియా భాషలో ‘నారింజి’. మన నారింజను ఆ మూడింటి పక్కన పెడితే ఒకే బడిలో చదువుకున్న పిల్లల్లా ఉంటాయి. సంస్కృతపు నారంగం నుంచి సూటిగా వచ్చి ఉంటే మనకు కూడా హిందీవారిలాగా ‘నారంగి’ ఉండేది. కాబట్టి నా వాదన ఇది: నారంగం పడమటికి వెళ్ళి, అరబ్బీలో జకారాన్ని తగిలించుకొని, పారశీకం మీదుగా తురకల ఏలుబడి కాలంలో దక్కనుకు తిరిగివచ్చింది. మనం దానిని గుర్తుపట్టలేదు, కొత్త చుట్టమనుకొని ఇంట్లోకి రమ్మన్నాము. ఇది ధ్వనుల మీద ఆధారపడిన వాదన అని మాత్రం చదివేవారు గుర్తుంచుకోవాలి.

జవాబు 5: నిదానంగా

ఈ వాదన నాకు నచ్చింది. ఒక్క సవరణ. ‘తిరిగివచ్చింది’ అన్నప్పుడు ముందు ఇక్కడ ఏమీ లేదన్న భావం రాకూడదు. నారదబ్బ, సంస్కృతం తెలిసినవారి నారంగం, ఈ రెండూ ఉండగానే మూడవదిగా నారింజ వచ్చి కూర్చున్నది. ఒకే పండుకు ఎన్ని పేర్లున్నా తెలుగుకు బరువు కాలేదు; ఒక్కొక్కటీ ఒక్కొక్క రకానికి సర్దుకున్నది. దబ్బ ఊరగాయకు పోయింది, నారింజ పండుకూ, ముఖ్యంగా రంగుకూ మిగిలింది.

జవాబు 6: చీనీతోట

అనంత తెలుగు గారూ, నేనూ మీ వైపు వాడినే. మాకు ఎనిమిది ఎకరాల చీనీతోట ఉన్నది. భాషాశాస్త్రం నాకు తెలియదు కానీ, కాయల పేర్ల గురించి కొంత విచారించి ఉన్నాను, ఎందుకంటే ఒక్కొక్క మార్కెట్టులో ఒక్కొక్క పేరుతో బేరమాడవలసి వస్తుంది. మా దగ్గర చీనీ అని తూకం వేసిన సరుకే హైదరాబాదు చేరేసరికి బత్తాయి, ముంబయి వ్యాపారికి మోసంబి, చెన్నై వ్యాపారికి సాత్తుక్కుడి. కాయ ఒక్కటే.

వరుసగా చూడండి, ఈ పేర్లన్నీ ఊళ్ళ పేర్లో దేశాల పేర్లో. మోసంబి ఆఫ్రికాలోని మొజాంబిక్ నుంచి వచ్చిందంటారు. సాత్తుక్కుడి తమిళ దేశపు ఊరి పేరు. బత్తాయి ఒకప్పటి బటావియా, అనగా డచ్చివారు 1619లో పట్టుకొని ఆ పేరు పెట్టిన నేటి జకార్తా; పాత పుస్తకాలలో ‘బత్తావి నారింజ’ అని కనిపిస్తుంది. బెంగాలీవారు కూడా ‘బతాబి లేబు’ అంటారు కానీ, వారు ఆ పేరు పెట్టినది పంపరపనసకు. ఒకే రేవు పేరు, మన దగ్గర ఒక పండుకు, వారి దగ్గర మరొక పండుకు అంటుకున్నది.

పంపరపనస అంటే గుర్తుకు వచ్చింది. చిన్నప్పుడు దానిని పనసలో ఒక రకమనుకునేవాడిని. పనసకూ దానికీ ఏ సంబంధమూ లేదు. డచ్చివారి ‘పొంపెల్మూస్’, ఫ్రెంచివారి ‘పాంప్లెమూస్’, తమిళుల ‘పంబళిమాసు’, మన పంపరపనస, అన్నీ ఒకే మాట. అర్థం కాని తోకను మనవాళ్ళు తెలిసిన పనసగా దిద్దుకున్నారు. నిదానంగా గారు చెప్పిన నాగరంగం పని కూడా ఇటువంటిదే కదా?

ఇక మన చీనీ. అది చీనా దేశపుదనే అర్థం. దీని మీద అనుమానం అక్కరలేదు, ఎందుకంటే దూరదేశాలలోనూ అదే చేశారు. డచ్చివారు తియ్యని నారింజను ‘సినాసాపెల్’ అంటారు, చీనా ఆపిల్ అని. జర్మనుల ‘ఆప్ఫెల్సీనె’, రష్యనుల ‘అపెల్సీన్’ కూడా అదే. అన్నింటికంటె నాకు నచ్చినది ప్యూర్టో రికో. అక్కడ స్పానిష్ మాట్లాడేవారే అయినా తియ్యని పండును ‘చీనా’ అంటారు. మెక్సికోవారి నరంహ మీ పిల్లలకు నారింజగా వినిపించినట్టే, ప్యూర్టో రికో పిల్లవాడెవడైనా మీ చుట్టుపక్కల ఉంటే వాడి చీనా మీ చెవికి అచ్చం అనంతపురంలాగా వినిపిస్తుంది. పుల్లనిది మన దేశం పేరుతో వెళ్ళలేదు కానీ మన మాటతో వెళ్ళింది. తియ్యనిది చీనా పేరు, పోర్చుగల్ పేరు మోసుకొని తిరిగింది.

కమలా గురించి అడిగారు. ఇది వదులు తోలు పండు, మన చీనీ కాదు. బెంగాలీలో ‘కొమొలా లేబు’ అంటారు. తెలంగాణలో నాగపూరు సరుకును సంత్రా అంటారు. సంత్రాను పోర్చుగల్‌లోని సింత్రా ఊరికి ముడిపెట్టేవారున్నారు, కానీ బాబరు తన స్వీయచరిత్రలో హిందుస్తాన్ పండ్లను వర్ణిస్తూ ‘సంగ్తరా’ను అప్పటికే పేర్కొన్నాడు. ఆయన 1530లో చనిపోయాడు. పోర్చుగీసువారు కేరళ తీరానికి వచ్చిన సుమారు ముప్ఫై ఏళ్ళలో వారి ఊరి పేరు ఉత్తరాదికి అంతగా పాకి ఉంటుందంటే నేను నమ్మను.

అనంత తెలుగు

ఇంత వివరంగా చెప్పిన అందరికీ కృతజ్ఞతలు. చీనీతోట గారూ, మీ పేర్ల వరుసను మా ఆవిడకు చదివి వినిపించాను. “బత్తాయిది జకార్తా అయితే మీ చీనీది మరీ దూరం” అన్నది. పెళ్ళయిననాటి నుంచీ నడుస్తున్న వాదం అది.

ఒక్క సంగతి మిగిలిపోయింది. పండు పేరు రంగుకు వచ్చిందా, రంగు పేరు పండుకు వచ్చిందా? పిల్లలు తప్పక అడుగుతారు. హాలండు ఆటగాళ్ళు ఆ రంగు తొడుక్కోవడానికీ పండుకూ సంబంధం ఉన్నదా?

జవాబు 7: పదచారి

పండే ముందు. ఇంగ్లీషులో ఆ మాట పండుకు పద్నాలుగవ శతాబ్దిలో వస్తే, రంగుకు వాడడం పదహారవ శతాబ్ది తొలి సంవత్సరాలలో గానీ కనిపించదు. అంతకు ముందు వారు ‘పసుపుఎరుపు’ అనే జంటమాటతోనో, లేదా ఒట్టి ఎరుపు అనో సరిపెట్టుకునేవారు. రాబిన్ అనే చిన్న పిట్టకు నారింజ రంగు రొమ్ము ఉన్నా, దానిని ఇప్పటికీ ‘ఎర్రరొమ్ము’ అనే పిలవడం ఆ పాత అలవాటే. మన దగ్గర కాషాయం, కావి వంటి మాటలు ఉన్నాయి కానీ అవి బట్ట రంగులు, సన్యాసులకూ గోడలకూ చెందినవి. ఇంద్రధనుస్సు పట్టీలోకి పండు పేరునే తీసుకున్నాము.

హాలండు కథ వేరు. అక్కడి రాజవంశం పేరు దక్షిణ ఫ్రాన్సులోని ఆరెంజ్ అనే ఊరి నుంచి వచ్చింది. రోమనుల కాలంలో ఆ ఊరి పేరు అరౌసియో. ఆ పేరుకు పండుతో ఏ సంబంధమూ లేదు, అక్కడ పండు అడుగుపెట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే ఆ పేరున్నది. కాలం గడిచేకొద్దీ అది అరిగి అరిగి, పండు పేరు కూడా ఫ్రెంచిలో నకారం పోగొట్టుకొని, రెండూ ఒకేలా వినబడసాగాయి. 1544లో విలియం అనే బాలుడికి బంధువు నుంచి ఆ ఊరి సంస్థానం వారసత్వంగా వచ్చింది. ఆయనే తరువాత స్పెయిన్ మీద తిరుగుబాటుకు నాయకుడయ్యాడు. పేరు కలిసింది కనుక రంగు కలిపారు. దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ నది కూడా ఆ వంశం పేరే. నీళ్ళ రంగు చూసి పెట్టినది కాదు, 1779లో డచ్చి కంపెనీ కొలువులోని గోర్డన్ అనే సేనాని పెట్టినది. కాబట్టి ఆటగాళ్ళు తొడుక్కునేది ఒక ఊరి పేరు, మీ పిల్లలు రంగులు వేసేది ఒక పండు పేరు, రెండింటి రంగూ ఒకటే.

అనంత తెలుగు

ఈ ఆదివారం పాఠం అయింది. పదకోశంలో ఇలా వ్రాశాను: “నారింజ: పుల్లని పండు, దాని రంగు. మన దేశం నుంచి పడమటికి వెళ్ళిన మాట, పారశీకం మీదుగా తిరిగి వచ్చిన రూపం అని ఒక వాదన. స్పానిష్ నరంహ దీనికి చెల్లెలు. చీనీ, బత్తాయి: ఒకే తియ్యని పండు, ఒక పేరు దేశానిది, ఒక పేరు ఊరిది. కమలా: వదులు తోలు పండు. దబ్బ: ఊరగాయకు.” నిదానంగా గారు చెప్పినందున ‘వాసన’ వ్యుత్పత్తి వ్రాయలేదు.

ఆ తొమ్మిదేళ్ళ పిల్ల అంతా విని, అయితే మెక్సికో పిల్లలకు తను ఏం చెప్పాలని అడిగింది. వాళ్ళ మాటా మన మాటా ఒకటేనని చెప్పమన్నాను. తృప్తి పడలేదు. “ముందు ఎవరిది అంటే?” అన్నది. వచ్చే వారానికి టెంకాయ, మాంగ, నారంగ ఒకే వరుసలో వ్రాసి చూపిస్తానని చెప్పాను. కొచ్చి కోడలు గారూ, ఆ మూడు మాటలనూ మలయాళ లిపిలో వ్రాసి పంపగలరా?

కొచ్చి కోడలు

తప్పకుండా. మా ఆడపడుచు కూతురి చేత పెద్ద అక్షరాలతో వ్రాయించి పంపిస్తాను. నా మలయాళ దస్తూరీ మీద ఇంట్లో ఎవరికీ నమ్మకం లేదు.